భారీ తగ్గింపు

మే 3, ఆదివారం

కలుస్తున్నాం! ఇది రాయడానికే ఈ పుస్తకాన్ని దుమ్ము దులిపి తీశాను. తొమ్మిదేళ్ల తరవాత రెండు సంఘాలూ ఒకటి కాబోతున్నాయి. ఈ నెల ఇరవై నాలుగున, ఆదివారం, మా గుడిలోనే అందరం కలిసి ఆరాధన. ఈ పాస్టరుగారు వచ్చి ఏడాది కాలేదు. మీసాలైనా సరిగ్గా రాలేదని నేనే వెక్కిరించాను. ముందున్న ఇద్దరు పెద్ద పాస్టర్లు చేయలేనిది చేసి కూర్చున్నాడు. పిట్ట కొంచెం కూత ఘనం.

ఇక రంగుసంఘమూ లేదు, రంపంసంఘమూ లేదు. ఇవి ఊరు పెట్టిన పేర్లు. ఇక్కడ పెద్దను నేను, బోర్డులు రాసేవాణ్ని, అందుకని మాది రంగుసంఘం. అక్కడ పెద్ద మా బావమరిది. వడ్రంగి. తన పనిషెడ్డులోనే ఆరాధన పెట్టుకున్నాడు, అందుకని వాళ్లది రంపంసంఘం.

అసలు గొడవ ఎందుకొచ్చిందో నాకు గుర్తే లేదు. గుడికి కొత్త బోర్డు పెట్టాం. చెక్క వాడిది, అక్షరాలు నావి. అలవాటు కొద్దీ కింద మూల నా సంతకం పెట్టాను. "బావా, పక్కన నా పేరు కూడా రాయవా?" అన్నాడు. "చెక్క ఎవరికి కావాలిరా? జనం చూసేది అక్షరాల్ని" అన్నాను. మధ్యాహ్నం మూడున్నర. వాడు నీలం గళ్ల చొక్కా వేసుకున్నాడు, చెవి మీద పెన్సిలు ఉంది. మెట్ల మీద పద్నాలుగు మంది ఉన్నారు, నవ్వారు. మరుసటి ఆదివారం పదిహేను కుటుంబాలు గుడికి రాలేదు. ఇంతకు మించి నాకేమీ గుర్తు లేదు.

మా ఆవిడ ఇంటికి రాగానే ఉతికిన బట్టల్నే మళ్లీ ఉతికింది. తమ్ముడు వస్తున్నాడు కదా.

మే 5, మంగళవారం

పాస్టరుగారు పిలిపించి, వేదిక వెనకాల గోడ చూపించాడు. ఎంత గోడ! ఇరవై అడుగుల పొడవు, మధ్యలో ఒక్క మేకు కూడా లేదు. చూడగానే నా చెయ్యి దురద పెట్టింది.

"ఈ గోడ మీదే పెద్దాయనా. ఒక్క మాట రాయండి చాలు. ఆ రోజు ప్రసంగం కూడా దాని మీదే" అన్నాడు.

"ఏం మాట అయ్యగారూ?"

"తగ్గింపు."

నవ్వాపుకోలేకపోయాను. "ఈ ఊళ్లో ఆ మాటను నాకన్నా ఎక్కువసార్లు రాసినవాడు లేడండీ. బట్టల కొట్టు, చెప్పుల కొట్టు, కుర్చీల కొట్టు, ఎవరికి సరుకు మిగిలిపోయినా నా దగ్గరికే వస్తారు."

ఆయనా నవ్వాడు. "అది సరుకు మీద తగ్గింపు. ఇది మన మీద, మనల్ని మనం తగ్గించుకోవడం."

ముందు గీతలు గీసుకుంటారా, సుద్ద తెప్పించనా అని అడిగాడు. గీతలు పనివాడికి, నాకెందుకు? నలభై ఏళ్లుగా నేను గీత గీయలేదు, చెయ్యి కింద కర్ర పెట్టలేదు. కుంచె ముంచడం, రాయడం. అంతే. చూస్తాడుగా!

ఈ వారమే బట్టల కొట్టుకు ఆరు బోర్డులు కూడా రాసివ్వాలి. "భారీ తగ్గింపు!" నా రాత కొట్టులోనూ ఉంటుంది, గుడిలోనూ ఉంటుంది.

మే 6, బుధవారం

కుంచె పాడైంది. వెంట్రుకలు విచ్చుకుపోయాయి. కొత్తది కొన్నాను.

మే 8, శుక్రవారం

నాలుగు బోర్డులు అయ్యాయి. కొట్టు యజమాని కళ్లద్దాలు పైకి తోసుకుని దగ్గరికొచ్చి చూశాడు. "పెద్దాయనా, 'గి' మీద గుడి వంకరపోయినట్టు లేదూ?"

స్టూలు. ఒక కాలు పొట్టి. స్టూలు ఊగితే గుడి ఊగదా మరి? ఆ మాటే చెప్పాను. "పోనీ మిగతా రెండూ మిషను మీద ప్రింటు కొట్టించుకోమంటారా?" అన్నాడు. ప్రింటట! మిషనుకు తలకట్టుకూ దీర్ఘానికీ తేడా తెలుసా?

స్టూలు కాలు కింద అట్టముక్క పెట్టాను. ఇప్పుడు బాగుంది. కొంచెం ఊగుతోంది.

మే 10, ఆదివారం

వచ్చారు! కలిసి ప్రార్థించడానికి మొదటిసారి, పదిహేను కుటుంబాలూ. కాదు, ఇప్పుడు ఇరవై. వాళ్ల పిల్లలకు పెళ్లిళ్లయ్యాయి, ఆ పిల్లలకు పిల్లలు. నాకు తెలియని మొహాలు నాకు వందనాలు చెప్పాయి. బెంచీలు చాలక జనం గోడల వెంట నిలబడ్డారు. పాట ఎత్తుకుంటే కిటికీ అద్దాలు జివ్వుమన్నాయి. షెడ్డులో రంపాల మధ్య పాడి పాడి వాళ్ల గొంతులు గట్టిపడ్డాయి కాబోలు. నేనూ తగ్గలేదు, ఇంకా గట్టిగా పాడాను.

బావమరిది చివరి వరసలో కూర్చున్నాడు. జుట్టంతా నెరిసిపోయింది. మా ఆవిడ వెళ్లి పక్కన కూర్చుని వాడి చేతిని పాట అయ్యేదాకా వదల్లేదు. నాకు వందనం చెప్పాడు. నేనూ చెప్పాను. రెండు చేతులూ జోడించే చెప్పాను.

ప్రభు బల్ల దగ్గర సంఘపెద్దగా ట్రే నేనే పట్టుకుని వరసల్లో తిరిగాను. చిన్న చిన్న ద్రాక్షరసం గిన్నెలు గలగలమన్నాయి. ట్రే పాతదైపోయింది, అడుగు సొట్టపడింది. బావమరిది గిన్నె తీసుకుంటూ నా మొహం చూడలేదు, చేతినే చూశాడు.

మే 12, మంగళవారం

మా ఆవిడ తమ్ముడింటికి వెళ్లి ఒక కర్ర పట్టుకొచ్చింది. మూరన్నర పొడవు, అద్దంలా నున్నగా, చివర మెత్తటి గుడ్డ ఉండ. రాసేటప్పుడు ఉండను గోడకు ఆనించి, కర్ర మీద మణికట్టు ఆనించుకుంటారు. నేర్చుకునేవాళ్ల పనిముట్టు.

"తమ్ముడు మీ కోసం చేశాడండీ. చెయ్యి ఆనించుకోవడానికి."

"ఆనించుకోవాల్సిన చెయ్యి ఎవరిది? కర్ర పట్టుకునేవాడు గొర్రెలు కాసుకోవాలి."

"ప్రభువు చేసిందీ అదే కదా" అంది.

ఈవిడతో వాదించి గెలిచినవాడు లేడు. కర్రను తలుపు వెనకాల పడేశాను. సాయంత్రానికి ఆవిడ దాన్ని కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టింది. చక్కగా సరిపోయింది. దాని పని అదే.

మే 15, శుక్రవారం

కొత్త కుంచె కూడా బాగాలేదు. ఈ రోజుల్లో సరుకే అలా ఉంది.

మే 16, శనివారం

రెండు సంఘాల పెద్దలం కూర్చున్నాం. అంతా ఎంత బాగా సాగిందో! ఎవరు ముందు పాడాలి అంటే, కలిసి పాడదాం అన్నారు. ఎవరి పాటల పుస్తకం అంటే, రెండూ అన్నారు. ఇక లేద్దాం అనుకుంటుండగా బావమరిది గొంతు సవరించుకున్నాడు.

"గోడ మీద మాట ఉంది కదా. బావ కాగితం మీద గీసిస్తే, నేను చెక్కతో అక్షరాలు కోసి బిగిస్తాను. బావ నిచ్చెన ఎక్కక్కర్లేదు, కుంచె పట్టక్కర్లేదు."

కుంచె పట్టక్కర్లేదు! నేను! అందరూ నా చేతి వైపు చూసినట్టనిపించింది. చేతిని జేబులో పెట్టుకున్నాను. నోటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"చెక్క ఎవరికి కావాలి?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు ఈసారి. వాళ్ల పెద్దల్లో ఒకాయన, తాపీమేస్త్రి, లేచాడు. "ఇదే మాట మళ్లీ వినడానికా మనం తొమ్మిదేళ్లు ఆగింది?" అని బయటికి నడిచాడు. ఒక్కొక్కరే లేచారు. బావమరిది అందరికన్నా చివర లేచి, తన కుర్చీని తీసి గోడ పక్కన సర్దాడు. "గోడ నీదే బావా. అక్షరమూ నీదే. కానివ్వు" అన్నాడు.

పాస్టరుగారు తల పట్టుకున్నాడు. "ఇరవై నాలుగున వాళ్లు రాకపోతే ఇంక రారు పెద్దాయనా. మళ్లీ అడగడానికి నాకు మొహం ఉండదు."

నేనేమన్నాను? ఒక్క మాట. అదీ కొత్తది కాదు, పాతదే.

మే 17, ఆదివారం

రాలేదు. బెంచీలు చాలినన్ని ఉన్నాయి.

మే 18, సోమవారం

ఆవిడ రెండు రోజులుగా మాట్లాడలేదు. ఈ రోజు కంచం ముందు పెడుతూ ఒకే ఒక్క మాట అడిగింది.

"సిలువను దేనితో చేశారండీ?"

లేచి వెళ్లి, కడిగిన కుంచెలే మళ్లీ కడిగాను.

మే 21, గురువారం

గోడ రాశాను! చేతులకింకా ఎర్రరంగు ఉంది, పేజీకీ అంటుతోంది, అంటనీ. జరిగింది జరిగినట్టు రాయకపోతే రేపు నేనే నమ్మను.

పొద్దున్నే గుడికి వెళ్లి లోపల గడియ పెట్టుకున్నాను. మంగళవారం వేసిన తెల్లరంగు బాగా ఆరింది. నిచ్చెన ఎక్కాను. గీత గీయలేదు. రాసి చూపిస్తే చాలు, ఆ అక్షరాలు చూసి రంపంసంఘమంతా నోళ్లు తెరుచుకుని వెనక్కి వస్తుంది అనుకున్నాను. వాళ్లేమంటారో, నేనేమంటానో, తాపీమేస్త్రి మొహం ఎలా మాడిపోతుందో, అన్నీ మనసులో ఆడించుకుంటూ, గొంతెత్తి పాడుకుంటూ రాశాను. ఆహా, ఎన్నాళ్లకు అలా సాగింది చెయ్యి! ఎడమ చివర మొదలుపెట్టి, నిచ్చెన జరుపుకుంటూ జరుపుకుంటూ కుడి చివరిదాకా. మధ్యాహ్నానికి అయిపోయింది. మూల సంతకం కూడా పెట్టాను. దిగి, పన్నెండు అడుగులు వెనక్కి నడిచి, తల ఎత్తి చదివాను.

భారీ తగ్గింపు!

ఆశ్చర్యార్థకంతో సహా.

మళ్లీ చదివాను. మారలేదు. నలభై ఏళ్లుగా ఈ చెయ్యి ఆ మాటను ఒంటరిగా ఎప్పుడు రాసింది కనక? ముందు 'భారీ' రాయకపోతే దానికి తోచదు. దేవుడి గుడిలో, వేదిక వెనకాల, మనిషెత్తు అక్షరాలతో, బట్టల కొట్టు బోర్డు! దాని కింద నా సంతకం!

అది ఒకటే అయితే బాగుండేది. దూరం నుంచి చూస్తే 'గి' మీద గుడి వంకర, 'రీ' మీద గుడిదీర్ఘం వంకర. ఇక్కడ స్టూలు లేదు. నిచ్చెన కదల్లేదు. కుంచె కొత్తది.

పడిపోకుండా ప్రభు బల్లను పట్టుకున్నాను. రెండు చేతులూ దాని మీద ఆనించి తల దించుకుని నిలబడ్డాను. కాసేపటికి చూసుకుంటే చేతులు నిశ్చలంగా ఉన్నాయి. బల్ల మీద ఉన్నంతసేపూ అలాగే ఉన్నాయి. ఎత్తితే మళ్లీ మొదలు.

ఆ బల్ల చేసింది వాడే. గొడవకు రెండేళ్ల ముందు. ఈ తొమ్మిదేళ్లూ నేను రొట్టె తీసుకున్నది ఆ చెక్క మీది నుంచే. పేరు ఎక్కడ వేసుకున్నాడా అని వెతికాను. అంచుల్లో లేదు. కాళ్ల మీద లేదు. ఈ వయసులో మోకాళ్ల మీద వంగి బల్ల కిందకి దూరి మరీ చూశాను. ఎక్కడా లేదు. కింది వైపు కూడా పై వైపంత నున్నగా తోపడా పట్టాడు, అంతే. ఎవరు చూస్తారని పట్టాడో!

బల్ల కింద కూర్చుని ఏడ్చాను. రాయడానికి సిగ్గేస్తోంది, కానీ ఏడ్చాను.

మే 22, శుక్రవారం

కిటికీ అడ్డం నుంచి కర్ర తీశాను. రెక్క టపటపా కొట్టుకుంది. ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసి, ఏమీ అడక్కుండా నా చొక్కా భుజం మీద నలిగిన చోట సరిచేసింది.

వాడి షెడ్డుకు నాలుగు వీధులే దూరం. నాలుగు వీధుల్లో పెద్ద ఉపన్యాసం తయారుచేసుకున్నాను. నీ తప్పూ కొంత ఉందిరా అని మొదలుపెట్టి, పోనీలే అని ముగించేలా. వాడు తోపడా పడుతున్నాడు, పొట్టు చుట్టలు చుట్టలుగా కాళ్ల మీద పడుతోంది. నన్ను చూసి ఆగాడు. వాణ్ని చూడగానే ఉపన్యాసమంతా ఎటు పోయిందో!

"నా చెయ్యి వణుకుతోందిరా" అన్నాను.

ఇంతవరకు ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఈ పుస్తకంలో కూడా రాయలేదు.

"తెలుసు బావా."

"చెక్క నాకు కావాలిరా. ఎవరికి కావాలని రెండుసార్లు అడిగాను కదా. నాకే కావాలి."

వాడు తోపడా పక్కన పెట్టి, బల్ల మీది పొట్టును చేత్తో తుడిచి నన్ను కూర్చోబెట్టాడు. వాడి కళ్లూ తడిగానే ఉన్నాయి. పొట్టు పడిందన్నాడు. స్టూలు, ట్రే, కుంచె అన్నవాణ్ని, నాకు మాట్లాడే హక్కు ఎక్కడుంది?

"అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందూ అడుగుతాను. పిలువు" అన్నాను. వద్దు బావా అన్నాడు. పిలవమన్నాను. సాయంత్రం పని నుంచి నేరుగా వచ్చారు, కొందరు భోజనం డబ్బాలతోనే. లేచి నిలబడి, మెట్ల మీద అన్న మాటా మొన్న అన్న మాటా నా నోటితోనే చెప్పి, క్షమించమని అడిగాను.

తాపీమేస్త్రి చేతులు కట్టుకుని అడిగాడు. "మళ్లీ అనరు కదా?"

"అంటానేమో. నోరు అలాంటిది. అన్నరోజు ఈ కర్రతోనే ఒకటి వేయండి."

ముందు నవ్వింది ఆయనే. ఆదివారం వస్తామన్నారు. అందరూ!

ఈ రోజు నాకన్నా తగ్గినవాడు ఈ ఊళ్లో లేడు.

పై వాక్యం కొట్టెయ్యాలి.

మే 23, శనివారం

బావమరిదిని గుడికి తీసుకెళ్లి, ఏమీ చెప్పకుండా తలుపు తీశాను. చదివాడు. నన్ను చూశాడు. మళ్లీ చదివాడు. అప్పుడు మొదలైంది నవ్వు. పొట్ట పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు. "బావా, ఈ తగ్గింపు ఎప్పటిదాకా?" అంటాడు. "ఒకటి కొంటే ఒకటి ఉచితమా?" అంటాడు. నాకు కోపం రావాలి. రాలేదు. నేనూ కూర్చుని నవ్వాను. మా నవ్వు విని పాస్టరుగారు పరిగెత్తుకొచ్చాడు, కొట్టుకుంటున్నామేమో అనుకున్నాడట.

"ఇంకా టైముంది. 'భారీ' చెరిపేసి తెల్లరంగు కొడతాను" అన్నాను.

పాస్టరుగారు గోడను ఈ చివర నుంచి ఆ చివరిదాకా చదివాడు. "ఉండనివ్వండి."

"అయ్యగారూ, నలుగురూ నవ్విపోతారు!"

"నవ్వనివ్వండి. ఈ రెండు సంఘాలూ కలిసి ఒకే మాటకు నవ్వి తొమ్మిదేళ్లయింది. అయినా పెద్దాయనా, మీకు చిన్న తగ్గింపు సరిపోతుందా?"

మీసాలు రాలేదన్నానా? వచ్చాయి.

"సరే, ఉంచుదాం. కానీ గుడి వంకరగా ఉంది బావా, అది నిలబెట్టాలి కదా" అన్నాడు బావమరిది. నిచ్చెన ఎక్కాను. వాడు పక్క నిచ్చెన ఎక్కి కర్ర రెండో కొస పట్టుకున్నాడు. ఉండ గోడకు ఆనింది, నా మణికట్టు కర్రకు ఆనింది. 'గి' మీద గుడి గుండ్రంగా తిరిగింది, ఎక్కడా తొణకలేదు. 'రీ' మీది గుడిదీర్ఘం ఇంకా బాగా వచ్చింది. నలభై ఏళ్లుగా ఈ సుఖం తెలియకుండా రాశాను, ఎంత మూర్ఖుణ్ని!

ఆఖరున తెల్లరంగు అడిగాను.

"ఎందుకు? ఉంచుదామన్నాం కదా" అన్నాడు.

సంతకం మీద రెండు పూతలు పూశాను.

"ఉండనియ్ బావా, అది నీ పనే కదా."

"తగ్గింపు కింద నా పేరేంట్రా?"

మే 24, ఆదివారం

ఎక్కడ మొదలుపెట్టను! మొదట లోపలికి వచ్చింది తాపీమేస్త్రి కుటుంబం. ఆయన గోడ చదివి, గుమ్మంలోనే ఆగిపోయి, అటు తిరిగి భుజాలు ఊపాడు. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా వరసల్లోంచి ఎవరో కిసుక్కుమన్నారు, వాళ్ల వరసల్లోంచి ఎవరో అందుకున్నారు. ఇక గుడంతా నవ్వే. అటువాళ్లు ఎవరు, ఇటువాళ్లు ఎవరు, ఏమీ తెలియలేదు. పాస్టరుగారు మూడుసార్లు ప్రసంగం మొదలుపెట్టి మూడుసార్లూ ఆగాడు. చివరికి వెనక్కి తిరిగి గోడను చూపించి, "ఇది రాసినాయన చెప్తారు" అనేశాడు.

నేను లేచాను. అలవాటు కొద్దీ రాశానని చెప్పాను. చెయ్యి వణుకుతుందని, మా బావమరిది కర్ర పట్టుకుంటే ఆ గుడి నిలబడిందని చెప్పాను. ఇంతకు మించి నాకు ప్రసంగం రాదని కూర్చున్నాను. ఎవరూ నవ్వలేదు. మా ఆవిడ మాత్రం ఏడ్చింది, దాచుకోకుండా.

ప్రభు బల్ల దగ్గరికి వచ్చేసరికి ట్రే చేతికి తీసుకున్నాను. గిన్నెలు గలగలమన్నాయి. బావమరిది చివరి వరసలోంచి లేచి వచ్చి అవతలి అంచు పట్టుకున్నాడు. ఇద్దరం ఒక్కొక్క వరసే తిరిగాం. ఇరుకు దారిలో పక్కపక్కన పట్టక, వాడు వెనక్కి వెనక్కి నడిచాడు. రెండు సంఘాలవాళ్లకీ ఒకే ట్రేలోంచి అందించాం. ఒక్క చుక్క ఒలకలేదు.

ఇంటికొచ్చి స్టూలు కింద అట్టముక్క తీసేశాను. స్టూలు బాగానే ఉంది. పాత కుంచె నీళ్లలో ముంచి చూశాను, వెంట్రుకలు చక్కగా కలుసుకున్నాయి. ట్రే అడుగున కూడా సొట్ట లేదు, ఈ రోజు తిప్పి చూశాను.

ఈ పేజీ కర్ర మీద చెయ్యి ఆనించి రాశాను. అక్షరాలు ఎంత బాగా వచ్చాయో!